శివారు గది

రాజోలు కాలవగట్టు దిగువన
వేగేశ్న వారి ఆరు గదుల లైను.
అందరికీ ఒకే పెంకు, ఒకే అరుగు.
గోడ వెంట మేకులు కొట్టి లాగిన నల్లవైరూ ఒకటే.
వీడియో దుకాణం నడిచినన్నాళ్ళూ
రాత్రికో సినిమా అందులోంచి పాకి వచ్చేది.
అప్పులవాళ్ళు డెక్కు పట్టుకుపోయారు.
వైరు ఎవరికీ పనికిరాక మిగిలింది.

నాకు పనికొచ్చింది.

ఆరు యాంటెన్నాలు ఎక్కిస్తే పెంకులు పగులుతాయని
రాజుగారి బాధ. "ఒక్కటే కట్టరా సూరిపండూ,
అందరికీ అదే పంచు" అన్నారు.
వెదురు గెడ నిలబెట్టి, మూడు వైపులా తీగ బిగించి,
కడ్డీల మొహం రాజమండ్రి కేసి తిప్పి
పైనుంచి అరిచాను: వచ్చిందా?
వచ్చింది. పోయింది. ఆఁ, ఆఁ, అక్కడుంచు!

మొదటి గది గుమాస్తా కామేశం గారింట్లో
వార్తలు చదివే ఆవిడ మెళ్ళో పూసలు లెక్కపెట్టొచ్చు.
రెండో గది, కుట్టుమిషను నాగరత్నం:
పూసలున్నాయని తెలుస్తుంది.
మూడో గది నర్సమ్మకి మనిషుందని తెలుస్తుంది.
ఐదో గదిలో ఆ మనిషి పక్కనే
అదే మనిషి, కొంచెం పలచగా.
ఆరో గదిలో ఇసక.

ఆరో గది యేసుపాదం గారిది.
ముప్పై ఏళ్ళు కాలవ లస్కరు.
ఇసక కురుస్తున్న పెట్టె ముందు బాసింపట్టేసుకుని
"నీళ్ళు అందట్లేదు బాబూ" అన్నాడు.

ఆయన గదిలోనే బూస్టరు పెట్టాను.
బొమ్మతో పాటు ఇసకా బలిసింది.
"శివార్లో తోడితే బురదే వత్తాదయ్యా.
తలకాడ పెట్టు."
మళ్ళీ పెంకెక్కాను. గెడ మొదట్లో బిగించాను.
రేడియో మరమ్మతు నేర్పిన గురువు
ఈ ముక్క నాకు చెప్పలేదు.

ఇక ఆ రెండో మనిషి.
నాలుగో గదికి తాళం. ఐసు ఫ్యాక్టరీ చిట్టిబాబు
మూణ్ణెల్ల అద్దె ఎగ్గొట్టి
వైరు బ్లేడుతో కోసి టీవీ ఎత్తుకుపోయాడు.
కోసిన కొస చీకట్లో వేలాడుతోంది.
అక్కడికి వెళ్ళిన బొమ్మ, పుచ్చుకునేవాడు లేక
వెనక్కి తిరిగొచ్చి
అందరి బొమ్మల మీదా నీడై పడుతోంది.
రాజుగారు తాళం తీశారు.
గింజంత రెసిస్టరు, డెబ్బై ఐదు ఓములు, ముప్పావలా.
కొసకి అతికించి టేపు చుట్టాను.
ఖాళీ గది కూడా
తన వంతు తాగడం మొదలెట్టింది.

మిగిలింది కామేశం గారు.
"నా బొమ్మ తగ్గించి వాడికిస్తావా?
యాంటెన్నా నా నెత్తిమీద కదా ఉంది!"
తూము ఎవరి చేను పక్కనుంటే
నీళ్ళు వాళ్ళవే అన్నట్టు.
ఆయన వంతు సన్నం చేసే డబ్బీ పగలు నేను బిగిస్తే
రాత్రి ఎవరో విప్పేవారు.
ఎవరో అనే అంటున్నాను. అద్దెకున్న ఊళ్ళో పేర్లెందుకు.

వారం తర్వాత వెళ్ళేసరికి
డబ్బీ కదలలేదు.
నాగరత్నం నవ్వాపుకుంటూ చెప్పింది:
రోజూ పన్నెండింటికి, మళ్ళీ మూడింటికి
యేసుపాదం గారు టార్చిలైటేసుకుని
అరుగు ఈ చివర్నించి ఆ చివరిదాకా
వైరు వెంట నడుస్తున్నాడట.
ఎవర్నీ ఏమీ అనడట. దగ్గుతాడట.

ఏప్రిల్లో ఒక సాయంత్రం
నా పావలా పరకా వసూలుకి వెళ్ళాను.
ఐదు గదుల్లోంచీ ఒకే గొంతు, ఒకే వార్త:
ఫలానా తేదీ నుంచి డెల్టా కాలవలు కట్టేస్తున్నారు.
ఆరో గదిలో బొమ్మ
మరీ పూసలు కనిపించేంత కాదు గాని
మనిషి మనిషిలాగే ఉంది.

యేసుపాదం గారు లేచాడు.
గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టి,
టార్చి తీసి,
రిటైరైన సంగతి గుర్తొచ్చి,
అయినా బయల్దేరాడు.